దేవుడి గదిలో బ్యాటరీ

నౌపడ

తమ్ముడు జగన్నాధానికి,

స్వామి దయవల్ల ఆసుపత్రిలో నీ విరిగిన కాలు అతుక్కుంటుందనే నమ్మకంతో అక్క రాస్తున్నది.

మీ నాటక సమాజం అందులోనే వండుకుని, పడుకుని ఊరూరా తిరిగిన వ్యానును అమ్మేయమన్నావు. వానాకాలమంతా కదలక బ్యాటరీ చచ్చి ఉంటుందన్నావు. చావలేదు. విప్పించి దేవుడి గదిలో పీట మీద పెట్టాను. నెలనెలా బండిలో టెక్కలి పంపి చార్జి పెట్టిస్తున్నాను.

మొన్న బ్యాటరీలో నీళ్లు తగ్గాయని నీ భార్య తాయారు అందులో అభిషేకం నీళ్లు పోయబోయింది.

“దేవుడి నీళ్లు పోస్తే తప్పేటి వదినా?”

“ఒసే, మన బావినీళ్లు ఉప్పు గదే, దానికి పడవు” అని ఆపి, బ్యాటరీ షాపువాళ్లు ఇచ్చిన నీళ్లే పోశాను.

నిన్న వ్యానుకు బిగించి హారన్ కొట్టించాను. నువ్వే దిగావనుకుని తాయారు కాళ్లకు నీళ్లు పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

వ్యాను అమ్మను. కట్టు విప్పగానే వచ్చి తోలుకో.

మీ అక్క