సిద్ర్ మొదట్లో నీళ్ళు

1996 మార్చి 8, శుక్రవారం

ఆరాధన అయ్యాక తమ్ముడు దానియేలు మొక్క నాటాడు. కంపెనీ విల్లా ముంగిట్లో, ఇంజినీరు గది కిటికీకి ఎదురుగా. సిద్ర్. ఇక్కడి ఎడారి నేల చెట్టే — మన రేగుకి చుట్టం. ఆకు అదే, ముల్లు అదే.

నీడకి బయటి దేశపు చెట్లు తెప్పిద్దామని ఇంజినీరు. ఈ ఎండకి ఈ నేల చెట్టే నిలబడుతుందని మా దానియేలు. "ఒక్క ఎండాకాలం బతికించి చూపించు" అన్నాడట ఇంజినీరు. బతికితే కంపెనీ కడుతున్న వెస్ట్ బే కాంపౌండ్ రోడ్డు పొడవునా ఇవే, పెంచేది వీడే. లేకపోతే... ఆ మాట తమ్ముడు పూర్తి చేయలేదు. వీసా ఆగస్టు ఆఖరు దాకానే.

వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. రెండు ఉద్యోగాలు పోయాయి. ఇందులో చేర్చుకున్నది, కంపెనీ క్లినిక్ నర్సునని, నా మాట మీద.

ప్రభువా, వేరు పట్టించు.

మార్చి 21

"అక్కా, దానికి నువ్వు నీళ్ళు పొయ్యకు. పది రోజులకోసారి నేనే పోస్తాను. దప్పికేస్తేనే వేరు కిందికెల్తది."

"మన కడియంలో మొక్కని ఇలా ఎండబెడతామా?"

"ఇది కడియం కాదక్కా. రెండడుగుల కింద రాయి. పోసిన నీళ్ళు ఎక్కడికీ పోవు."

సరేనన్నాను.

ఏప్రిల్ 7

ఈస్టర్ కూటం. విల్లాలో మా రెండు వెనక గదుల్లో పద్నాలుగు మంది. చెప్పులన్నీ సిద్ర్ చుట్టూ.

రత్నమ్మగారు — "ఏమయ్యా దానియేలూ, వచ్చే ఈస్టర్ కూటం దీని కిందేనా?"

"మీ మోకాళ్ళు పదేళ్ళు ఆగుతాయంటే అలాగేనండి!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

మే 14

కొత్త చిగుళ్ళు రెండు. ఎండ ముదిరింది.

పొద్దున ప్రార్థన అయ్యాక బియ్యం కడిగాను. ఆ నీళ్ళు తూములో పారబోయడానికి చెయ్యి రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ పారబోయలేదు. సిద్ర్ మొదట్లో పోశాను. చెంబెడు. అంతే.

మే 15

చెంబెడు.

జూన్ 19

గాలి. ఇసుక. కింది ఆకులు పసుపు. "వేడికేమో" అంటున్నాడు దానియేలు. నాకు దాహంగానే కనిపిస్తోంది.

ఏసీ కారే చోట పెట్టిన బకెట్ సగం నిండింది. డ్యూటీకి వెళ్ళే ముందు మొదట్లో పోశాను. ప్రార్థించి పోశాను.

జూలై 3

ఇంకా పసుపు. ఉక్క మొదలైంది. బకెట్ తెల్లారేసరికి నిండుతోంది. నిండుగా పోస్తున్నాను.

జూలై 13

ఆకులు రాలాయి. దానియేలు మొదట్లో తవ్వాడు. మట్టి ముద్ద. వాసన. వేరు పట్టుకుంటే పైతోలు చేతిలోకి ఊడి వచ్చింది.

ఇంజినీరు బయటికి వచ్చాడు. ఇన్ని నీళ్ళు ఎవరు పోశారని అడిగాడు. దానియేలు గేటు వైపు చూశాడు. "చాచా రోజూ మీ కారు కడుగుతాడు సార్. పైపు ఇటే లాగుతాడు."

గుల్ చాచా, గేటు దగ్గర వాచ్‌మన్. బలూచీ ముసలాయన. "నై సాబ్! ఖుదా కసమ్! మై నై డాలా..." దేవుడి మీద ఒట్టు, తను పొయ్యలేదట.

వంటగది గుమ్మంలో నేను. చేతిలో ఖాళీ బకెట్.

బకెట్ తలుపు వెనక పెట్టాను.

జూలై 16

చాచాని ఊరవతల కూలీల క్యాంప్‌కి మార్చారు. గేటు పక్క గదిలో తొమ్మిదేళ్ళు ఉన్నాడు. తప్పు చాచాది కాబట్టి దానియేలుకి ఆగస్టు ఆఖరు గడువు అలాగే ఉంచారు; ఆలోగా మొక్క మళ్ళీ చిగురెయ్యాలి.

చాచా పరుపు చుట్టి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. "సిస్టర్, దువా కర్నా." తన కోసం ప్రార్థన చెయ్యమని.

చేస్తానన్నాను.

జూలై 17

మోకరించాను. చాచా పేరు దగ్గరే లేచిపోయాను.

జూలై 21

దానియేలుకి చెప్పేశాను. అన్నం కలుపుకుంటున్నాడు.

"నీళ్ళు పోసింది నేను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"తవ్విన రోజే. మట్టిలో నూకలు కనపడ్డాయి."

"మరి చాచా పేరు..."

"నీ పేరు చెప్పనా?" ముద్ద నోట పెట్టుకోలేదు. "నీ ఇంట్లోనే ముంచేసుకున్నారు, ఇక నీకు చెట్లెందుకంటాడు ఇంజినీరు. ఊరికి టికెట్ చేతిలో పెడతాడు."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూలై 30

మొక్కని ముట్టుకోకుండా ఉండడం ఇంత కష్టమని తెలియదు. రోగికి నీళ్ళివ్వొద్దని డాక్టరు రాసిన రోజున కూడా, దూది తడిపి పెదాలైనా అద్దేదాన్ని.

ఆగస్టు 2, శుక్రవారం

చాచా వచ్చాడు. క్యాంప్ బస్సులో, చెట్టు చూడడానికి. గోటితో కొమ్మ గీకాడు. ఎండు. మొదలు గీకాడు. కాస్త పచ్చ.

"జిందా హై, సిస్టర్... షాయద్."

బతికే ఉందట. బహుశా.

చెబుదామనుకున్నాను. టీ ఇచ్చాను. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఆగస్టు 10

రేపు ఇంజినీరుకి చెప్పేస్తానన్నాను.

"నీ ఇష్టం అక్కా." చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "చిగురేసేదాకా ఆగలేవా?"

"వెయ్యకపోతే?"

గుండీ తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆగస్టు 11

ఇంజినీరు గది తలుపు దాకా వెళ్ళాను. లోపల దానియేలు గొంతు. నవ్వుతున్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఏసీ బకెట్ నిండింది. అంచు దాటి గడప మీదికి కారుతోంది. ఎక్కడ పొయ్యాలి...