ఉతకని గది

అక్వేరియం షాపు యజమాని గారికి నమస్కారం.

నాది లాండ్రీ. మీ దగ్గర ఉప్పునీటి చేపలు కొనే ఆవిడ భర్తను. ఫోన్‌లో మాటలు సరిగా వినపడక ఉత్తరం రాస్తున్నాను. నిన్న మీ మనిషి వచ్చి, మా చేపల తొట్టి కింద బీరువాలో ఇంకో గాజు తొట్టి బిగించాడు. సంప్ అట. అందులో ఒక గది రెఫ్యూజియం అట. ఆ గదిలో వేయమని ఇచ్చిన సంచి నిండా బురద రాళ్లు, చిక్కుపడ్డ నాచు, పైగా పురుగులు. షాపుకు ఇది మర్యాద కాదు.

ఇట్లు,
లాండ్రీ

తా.క.: కంగారు పడకండి. అన్నిటినీ వేడినీళ్లలో మూడుసార్లు జాడించి ఎండలో ఆరేశాను. నాచును మాత్రం ఇస్త్రీ చేయలేదు.

అయ్యగారూ, నమస్కారం.

మీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. మీరు జాడించింది మురికి కాదు, భోజనం. పై తొట్టి నీళ్లు కిందికి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకెళ్తాయి. దారిలో ఆ గదిలో, నాచు చాటున, చేపలకు చిక్కకుండా పురుగులు పెరుగుతాయి. కొన్ని నీళ్లతో పైకి పోతాయి. మీ రంగుల చేప తినేది వాటినే. అమ్మగారిని అడగండి, నాకన్నా బాగా చెబుతారు.

ఇట్లు,
చేపలవాడు

తా.క.: ఈలోగా దేన్నీ ఉతక్కండి.

చేపల బాబుకు,

ఆవిడ నాతో మాట్లాడదు. ఆ చేపకు ఆవిడే పెళ్లికూతురని పేరు పెట్టింది. దానికి రొట్టె, గుడ్డు, అన్నీ చూపించాను. మొహం తిప్పుకుంది. పొట్ట లోపలికి పోయింది. దానికేమైనా అయితే నేను తట్టుకోలేను.

ఇట్లు,
లాండ్రీ

తా.క.: మీ ఉత్తరం అందేలోపే ఆ గదిని సబ్బుతో తోమేశాను. తళతళలాడుతోంది.

అయ్యగారికి,

కాపురమన్నాక అలకలు మామూలే. తప్పు నాది కాకపోయినా మా ఇంట్లో నేనే తగ్గుతాను. మగాడి పౌరుషం చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలేయాలి. ఇంకో సంచి పంపుతున్నాను.

ఇట్లు,
అనుభవజ్ఞుడు

తా.క.: అమ్మగారి కాళ్లు పట్టుకోండి. తలుపేసుకుంటే ఎవరూ చూడరు.

బాబూ,

పట్టుకున్నాను. ఆస్పత్రిలో, ఆఖరి రోజున. చల్లగా ఉన్నాయి. రెండు నెలలైంది. ముందే రాయాల్సింది, ఆ మాట దగ్గర కలం కదల్లేదు. ఇంతకీ ఈ కింది తొట్టి కట్టమని ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు.

ఇట్లు,
లాండ్రీ

తా.క.: సంచి మీ మనిషి చేతే వేయించాను. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అయ్యగారూ,

నా నోటికి ఏ శిక్ష వేసినా తక్కువే. ఆ తొట్టి కట్టమని చెప్పింది అమ్మగారే. మూడు నెలల కిందట వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "ఆయనకు తను తినడమే గుర్తుండదు, చేపకేం పెడతాడు? ఎవరూ పెట్టకపోయినా దానికి తిండి దొరకాలి, అలా కట్టు" అన్నారు. ఏదో ఊరెళ్తున్నారనుకుని తీరిగ్గా కట్టించాను.

ఇట్లు,
మీ చేపలవాడు

తా.క.: "ఆయన దాన్ని ఉతకకుండా చూడు" అని కూడా అన్నారు. నేను నవ్వేసి మర్చిపోయాను.

బాబూ,

మూడు వారాలుగా ఆ గది జోలికి పోలేదు. గాజుకు పాచి పట్టింది, నా చేతులు దురద పెడుతున్నాయి. ఇవాళ పొద్దున పెళ్లికూతురు రాయి మీద ఏదో పొడుచుకు తింటోంది. పక్కనే కంచం పెట్టుకుని నేనూ తిన్నాను.

ఇట్లు,
లాండ్రీ

తా.క.: ముప్పై ఏళ్లలో నేను ఉతక్కుండా ఉంచినవి రెండే. ఒకటి ఆ గది. రెండోది ఆవిడ తలగడ గలీబు.