బావ పెంచమన్న సౌండు

అక్కా,

బావ బ్యాండు మొదటి ఆల్బమ్‌లో యేసు పాటలు జోలపాటల్లా ఉండేవి. రెండో ఆల్బమ్‌కి "గిటార్ కాస్త పెంచరా" అన్నాడు, పెంచాను. మూడోదానికి "ఇంకా" అన్నాడు. భక్తిలో ఇంత ఆవేశమా అని జనం ఊగిపోయారు. మిక్సింగ్ చేసే నేనూ అది కొత్త బాణీ అనే అనుకున్నాను.

నాలుగోదానికి నువ్వొక్కదానివే, వాయిద్యాలు లేకుండా పాడిన ప్రార్థన నిన్న వినిపించాను. బావ కళ్లు మూసుకుని చివరిదాకా కూర్చున్నాడు. ఆ తర్వాత నా భుజం తట్టి, "ఇక మీ అక్క పాట పెట్టరా" అన్నాడు.

సౌండు మొత్తం పెంచి మళ్లీ పెట్టాను. పాట అయిపోయినా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఈ సంగతి బావకి నువ్వే ఎలాగో చెప్పక్కా.

నీ పక్కనున్న బావ వింటాడేమోనని ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. చూడు నా పిచ్చి.

నీ తమ్ముడు