తాతయ్య కుడిచెవి పక్క కుర్చీ

కృష్ణా జిల్లా కంకిపాడు కాపురస్తుడు, ఈడ్పుగంటి లక్ష్మీకాంత్ గారి ఏకైక కుమారుడు, ఇంజనీరింగు పట్టభద్రుడు, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కుర్చీ అరగదీసి జీతం పుచ్చుకునేవాడు, ఇరవై ఆరేళ్ళ చక్రధర్ అను నేను, ఈ శనివారం సాయంత్రం కాఫీ తాగి, రెండో కప్పు అడిగి లేదనిపించుకుని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా స్వహస్తంతో రాసిపెడుతున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. నిజానికి ఏమీ రాయలేదు. కానీ ఆ మాట లేకపోతే పత్రానికి బరువుండదు.

"పూర్తి తెలివితో" అన్న చోట మా చెల్లెలు సింధూరి అభ్యంతరం తెలిపింది. విని, కొట్టివేయడమైనది.

ఇప్పుడు వీలునామా ఎందుకు రాయవలసి వచ్చిందంటే, రేపు ఆదివారం టిఫిన్ అయ్యాక మా ధాన్యం గది దూలాలకు నాలుగు స్పీకర్లు బిగించడానికి నిచ్చెన ఎక్కబోతున్నాను. అది పక్కింటివాళ్ళ వెదురు నిచ్చెన. మధ్యలో ఒక మెట్టు లేదు. ఆ లేని మెట్టును చూసి మా అమ్మ కనకలక్ష్మి గారు, "ఎక్కు నాయనా, ఎక్కు. నడుం విరిగి మంచాన పడితే నీకు చాకిరీ చెయ్యడానికి నేనున్నాగా" అన్నారు. మంచాన పడేవాడికి వీలునామా అక్కర్లేదు. అయినా నేను ఏ పనీ సగంలో ఆపే రకం కాదు.

ఆస్తి వివరం: పైన చెప్పిన ధాన్యం గది. ఆరు నెలల క్రితం దాకా అందులో బస్తాలూ, పందికొక్కులూ హక్కుభుక్తంగా ఉండేవి. ఇప్పుడు తూర్పు గోడకు తెర, తెర ముందు మూడు స్పీకర్లు, కూర్చున్నవాళ్ళ వెనక రెండు, మూల నేల అదిరేలా బేసు మోగించే సబ్‌వూఫర్ ఒకటి. గోడలకు వస్త్రలత బట్టల బజారులో బేరమాడి తెచ్చిన మందపాటి పరదాలు. రేపు ఆ పై నాలుగూ బిగించేస్తే గది పూర్తవుతుంది. అప్పుడు సినిమాలో వాన పడితే మన నడినెత్తిన పడుతుంది. హెలికాప్టరు మా వంటింటి వైపు నుంచి లేచి, మన తలల మీదుగా ఎగిరి, పశువుల పాక వైపు పోతుంది. మా గేదె కూడా తలెత్తి చూస్తుందని నా నమ్మకం. ఇది రాస్తుంటేనే నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అక్షరాలు వంకర పోతే అది సంతోషమే గానీ చావు భయం కాదని వారసులు గ్రహించవలెను.

ఒకటి. నా కాలేజీ స్నేహితుడు, వాళ్ళ చర్చిలో మైకులూ స్పీకర్లూ చూసుకునే ఫిన్నీని ఈ వీలునామాకు కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. నిచ్చెన కింద పట్టుకునేది కూడా వాడే కనుక, నా ఆయుష్షూ నా ఆస్తీ ఒకే చేతిలో ఉన్నట్టు లెక్క. నేను మూడో స్పీకరు దగ్గర జారిపడితే, ముందు నాలుగోది బిగించి తరవాత అంబులెన్సుకు ఫోన్ చెయ్యవలెను. మిగిలిన వైరు చుట్టలన్నీ వాడికే. గవర్నరుపేటలో షాపు షాపుకీ తిరిగి, "అన్నా, రాగి వైరంటే రాగే ఉండాల" అని కొట్టువాడి ముందే అగ్గిపుల్ల వెలిగించి కాల్చి చూసింది వాడే.

రెండు. మా నాన్నగారికి, గది వెనక మూలల్లో పేర్చి ఉన్న ధాన్యం బస్తాల మీద సర్వహక్కులు, అమ్మే హక్కు తప్ప. ఇక్కడ కాస్త వివరం అవసరం. ఖాళీ గదిలో సబ్‌వూఫర్ మోగిస్తే మూలల్లో శబ్దం పోగుపడి, పెళ్ళి ఊరేగింపు గదిలో ఇరుక్కున్నట్టుండేది. బస్తాలు తెచ్చి మూలల్లో నిలువెత్తున పేర్చాక ఆ మోత అణిగింది. పట్నంవాళ్ళు ఈ పనికి వేలు పోసి ఫోమ్ దిమ్మలు కొంటారు. మేము వరి పండించుకుంటాం. "రేటు పెరిగింది, మిల్లుకి తోలేద్దాంరా" అని నాన్న అన్నప్పుడల్లా నా గుండెలో బేసు పెరుగుతుంది. అమ్మదలిస్తే కొత్త పంట బస్తాలు ముందు లోపలికి వచ్చాకే పాతవి బయటికి పోవలెను.

మూడు. మా అమ్మగారికి సబ్‌వూఫర్. దాన్ని ఆవిడ ఇప్పటికే పూలసజ్జ పెట్టుకునే బల్లగా స్వాధీనం చేసుకున్నారు. దీనితోపాటు పాత బకాయి ఒకటి రద్దు చేస్తున్నాను. గదిని కొలవడానికి మైకు పెట్టినప్పుడు ఇంట్లో అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండమని అందర్నీ వేడుకున్నాను. స్పీకర్లు ఒక్కొక్కటే "వూయ్" మంటాయి, మైకు వింటుంది, యంత్రం లెక్క కడుతుంది. లెక్క మధ్యలో మా అమ్మ కుక్కరు మూడు విజిల్స్ వేసింది. మొదటి వారమంతా మా ఇంటి సినిమాల్లో హీరో తల పోపు డబ్బాల పక్క నుంచి మాట్లాడినట్టు వినబడింది. "పప్పు ఉడకొద్దా మరి? నీ యంత్రం పెడుతుందా అన్నం?" అన్నారు. న్యాయమే. బకాయి రద్దు.

నాలుగు. సింధూరికి ఆ కొలత మైకు. అది చూడ్డానికి బొంగరంలా ఉంటుంది. దాన్ని పట్టుకుని అద్దం ముందు పాటలు పాడినందుకు నేను చేసిన రభస ఉపసంహరించుకుంటున్నాను. పాడుకో తల్లీ. అది ఎక్కడా మోగదు కనుక ఊరికి ప్రమాదం లేదు.

అయిదు. తెర ముందు ఎడమ కుడి స్పీకర్లను ఎవరూ విడదీయరాదు. అవి దంపతులు.

ఆరు. సెంటర్ స్పీకర్. తెర కింద నడిమధ్యన ఉండే పొడుగాటి పెట్టె. సినిమాలో మనుషులు మాట్లాడే మాటలన్నీ దీన్లోంచే వస్తాయి. మిగతా పెట్టెల్లో వచ్చేవి వానలూ, గుర్రాలూ, తలుపుల కిర్రులూ. ఇది ఎవరికి చెందాలన్నదే అసలు తగువు. పైన రాసినవన్నీ విస్తట్లో ముందు వడ్డించిన పచ్చళ్ళు.

మా తాతయ్య వెంకటకృష్ణారావు గారు ఎడమ చెవిని రైస్‌మిల్లుకి ధారపోశారు. వయసులో ఉన్నంత కాలం మర పక్కన నిలబడినందుకు మిల్లు పుచ్చుకున్న మామూలు అది. కుడిచెవి సగం జీతానికి పనిచేస్తోంది. చెవి మిషను కొనిపెడితే, "జోరీగ దూరినట్టుందిరా" అని తీసి కళ్ళజోడు పెట్టెలో పడేశారు. అందువల్ల ఏ సినిమాకు వెళ్ళినా ఆయన కుడివైపు కుర్చీ మా నాన్నమ్మ రావమ్మ గారిది. తెర మీద వాళ్ళు మాట్లాడతారు, ఈవిడ వంగి ఆ చెవిలో చెబుతుంది. హాల్లో ముందు వరసవాళ్ళు విసుక్కుని వెనక్కి తిరిగేవారట. కాసేపటికి తెర మానేసి ఈవిడ చెప్పేదే వినేవారట.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక ట్రయల్ ఆట వేశాను. తాతయ్యకు ఒక్క మాటా పోకూడదని సెంటర్ స్పీకర్ మోత బాగా పెంచాను. ఒకప్పుడు తాతయ్యా నాన్నమ్మా చల్లపల్లి చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడి హాల్లో చూసిన పాత కుటుంబ కథ పెట్టాను. చివర్లో భార్యాభర్తల తగువు వచ్చింది. నాన్నమ్మ అలవాటుగా వంగి, "తప్పు ఒప్పుకుంటున్నాడండీ. ఇక నీ మాట జవదాటనే అంటున్నాడు" అని చెప్పింది. ఆ క్షణంలోనే సెంటర్ స్పీకర్లోంచి భార్య పాత్ర, గది అదిరేటట్టు, "తప్పంతా నాదేనండీ" అని ఏడ్చింది.

తాతయ్య నిటారుగా కూర్చున్నారు. "ఒసేయ్, వాడు కాదే! ఆవిడ అంటోంది!"

వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నారు. ఇంకోసారి తిప్పమన్నారు. తరవాత మెల్లగా నాన్నమ్మ వైపు తిరిగి, "అయితే ఆ రైలు సినిమాలోనో? ఆ పడవ సినిమాలోనో? అన్నిట్లోనూ మొగుడే కాళ్ళబేరానికి వచ్చాడని చెప్పావు కదే!" అన్నారు.

అప్పుడు తెలిసింది మాకు. లోకంలో తెలుగు సినిమాలన్నీ మొగుడి క్షమాపణతోనే ముగుస్తాయని ఆ మహానుభావుడు నమ్మారు. నమ్మడమే కాదు, అదే మర్యాద కాబోలనుకుని, ఇంట్లో తగువులు కూడా ఇన్నేళ్ళూ అలాగే ముగిస్తూ వచ్చారు.

"ఇన్నాళ్ళూ నన్ను వెధవని చేశావు" అన్నారు తాతయ్య.

"వినబడుతోందిగా. ఇంక నాతో పనేముంది మీకు?" అని నాన్నమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత గదిలో అడుగు పెట్టలేదు.

వారమంతా ఇద్దరికీ మాటల్లేవు. సింధూరి పోస్టాఫీసు అయింది. "మీ తాతకి చెప్పవే, కాఫీ చల్లారుతోందని." "మీ నాన్నమ్మకి చెప్పు, నాకు వినబడిందని." నేను ఆఫీసు నుంచి రాగానే తాతయ్య ఒక్కరే వచ్చి సినిమా పెట్టించుకుంటున్నారు. ఒక్క మాట పొల్లుపోకుండా వింటున్నారు. "ఎలా ఉంది తాతయ్యా?" అంటే, "అన్నీ వినబడుతున్నాయిరా" అంటారు, గుడి బయట పోయిన చెప్పుల గురించి చెప్పినట్టు. పక్క కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంచుతున్నారు, ఎవరూ కూర్చోకుండా.

ఇదీ నా సంకటం. ఆరు నెలల కష్టం ఫలించింది. మాట అంత శుభ్రంగా వినిపించే గది కరకట్ట పొడుగునా మరొకటి ఉండదని నా గట్టి నమ్మకం. కానీ మోత తగ్గిస్తే తాతయ్యని మోసగించినవాణ్ణవుతాను. అలాగే ఉంచితే రేపు పైనుంచి వాన కురిసేటప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. నా ముసలాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని తలెత్తి చూడాలనే కదా ఆ పై నాలుగూ కొన్నది!

కాబట్టి సెంటర్ స్పీకర్ ............ గారికి. ఈ చుక్కలు పొద్దున పూరించబడును. పూరించనిదే నిచ్చెన ఎక్కను.

ఏడు. నేను పోయినా మొదటి ఆట ఆగరాదు. పదకొండో రోజు దాకా ఆగడం వంటివి అసలే కూడదు. ముందు వాన, తరవాత హెలికాప్టరు. అందరికీ మరమరాల మిక్చరు పంచవలెను. నా వాటా ఫిన్నీకి.

అనుబంధం. ఆదివారం ఉదయం, ఇడ్లీ పొయ్యి మీద ఉండగా.

ఫిన్నీ డ్రిల్లింగ్ మిషనుతో దిగాడు. తాతయ్య అప్పటికే గదిలో ఉన్నారు. "పైవి తగిలించేలోపు కాస్త ఏదన్నా పెట్టరా" అన్నారు. పెట్టాను. తెర మీద ఒకమ్మాయి తలుపుకి ఆనుకుని ఏడుస్తోంది, ఎందుకేడుస్తోందో సెంటర్ స్పీకర్ గోడలకు కూడా అర్థమయ్యేలా చెబుతోంది. తాతయ్య కాసేపు విన్నారు. చెయ్యెత్తి ఆపమన్నారు. లేచి, పంచె సర్దుకుని, తిన్నగా వంటింటి గుమ్మం దాకా నడిచారు. మేమిద్దరం డ్రిల్లు పట్టుకుని వెనకే వెళ్ళాం, సాక్ష్యం కోసం.

"ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోందో వచ్చి చెప్పు" అన్నారు, వారంలో మొదటిసారి నాన్నమ్మతో నేరుగా.

నాన్నమ్మ చట్నీలో పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది: "వినబడుతోందన్నారుగా."

"వినబడుతోంది. అర్థం కావట్లా."

పోపు చిటపటలు ఆగాక నాన్నమ్మ చట్నీ కలిపింది. తరవాత గరిటె అమ్మ చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయనకంటే ముందే గదిలోకి నడిచింది. తువ్వాలు తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆట కదిలించాను.

"ఏడవడం కాదండీ అది" అని మొదలుపెట్టింది, ఆయన చెవి దగ్గరకు వంగి. "మొగుడికి బుద్ధి చెబుతోంది. చూస్తూ ఉండండి, వాడికిప్పుడు జ్ఞానోదయం అవుతుంది."

ఆ పిల్ల ఇంకా పెళ్ళే కాలేదని సెంటర్ స్పీకర్ ఎలుగెత్తి మొత్తుకుంటోంది. తాతయ్య కుడిచెవి నాన్నమ్మ వైపు పారేసి, "ఊఁ... తరవాతా?" అన్నారు.

ఫిన్నీ నా చెవిలో, "మోత తగ్గించమంటావా బావా?" అన్నాడు. అక్కర్లేదన్నాను.

అంచేత ఆరో క్లాజులో చుక్కలు ఇలా పూరించడమైనది: సెంటర్ స్పీకర్, పెంచిన మోతతో సహా, మా తాతయ్యకు. ఆ మోత ఎంతున్నా దాని మీద మాట్లాడే హక్కు, కుడివైపు కుర్చీతో సహా, మా నాన్నమ్మకు, నిరాటంకంగా, యావజ్జీవం. ఈ హక్కును కోర్టు గానీ, కొలత మైకు గానీ ప్రశ్నించజాలవు.

ఇక నేను నిచ్చెన ఎక్కుతున్నాను. పైనుంచి వాన పడబోతోంది!

కంకిపాడు
8 ఫిబ్రవరి 2026, ఆదివారం

(సంతకం) ఈడ్పుగంటి చక్రధర్

సాక్షులు:

1. ఫిన్నీ. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని కుడిచేత్తో చేసిన సంతకం.

2. ఈడ్పుగంటి వెంకటకృష్ణారావు. ఈ పత్రం యావత్తూ నా భార్య రావమ్మ చదివి వినిపించగా విని, మనవడు గదీ స్పీకర్లూ అన్నీ ఆవిడకే రాసిచ్చాడనీ, పోపు మధ్యలో వచ్చి పిలిచినందుకు నన్ను క్షమాపణ చెప్పమన్నాడనీ తెలుసుకుని, చెప్పిన మీదట, సంతోషంగా చేసిన సంతకం.