అభ్యంతరం ఉన్నోళ్లు

నాచారం,
9 ఆగస్టు 2012, బేస్తవారం

దేవానందం అన్నకు,

ఫోన్ ఎత్తుతలేవు గనుక రాసి దోర్కా చేతికిచ్చి పంపుతున్న. ఈసారికి వందనాలు లేవు.

మీ సర్కారు కాలేజి ఫీజు కమిటీల మా అన్న ఉన్నడని ధైర్యంగ బిడ్డ దోర్కాను అక్కడ ఫీజు కట్టి చదివే సెల్ఫ్ ఫైనాన్స్ డిగ్రీల చేర్పించిన. పిల్లల టీసీలు, మెమోలు మీ బీరువల పడ్డంక ఫీజు పెంచి బోర్డుకు కాగితం అతికించిన్రు. మూడు దినాలల్ల కట్టాలెనట. కింద నీ సంతకం. "ఏంది మామా ఇది" అని దోర్కా అడిగితె "రూల్ గట్లుంది, మీ అమ్మకు చెప్పు" అన్నవట. జూన్‌ల చెప్తె ఉప్పల్‌ల ఇంకో కాలేజి చూసుకుంటుంటి. ఇప్పుడు యాడా సీట్లు లేవు. గది తెలిసే మీరు ఇన్నాళ్లు ఆగిన్రు.

పెంచొద్దని అంటలేను. ఎంత పెంచుతరో ఫారాలు ఇచ్చేటప్పుడే చెప్పున్రి. చేరినోళ్ల జోలికి రాకున్రి.

ఈ ఆదివారం చర్చిల నీ కొడుకు ఆరోన్ పెండ్లి ప్రకటన మొదలు. సంఘం పెద్దవు గనుక నువ్వే చదువుతవు. అభ్యంతరం ఉన్నోళ్లు చెప్పుమని వరుసగ మూడు ఆదివారాలు అడుగుతవు. మొదటి ఆదివారమే నేను లేస్త. పెండ్లి మీద నాకేం అభ్యంతరం లేదు, పిల్ల మంచిది. కొడుకు పెండ్లికి సంఘమంతటికి మూడు వారాలు ఇచ్చినోనివి, నా బిడ్డ చదువుకు మూడు దినాలు ఎట్ల ఇచ్చినవని మైకు ముందట అడుగుత.

గా లోపల కాగితం తీస్తవో, కమిటీని కూసోవెడ్తవో నీ ఇష్టం. నీక్కూడ మూడు దినాలే ఇస్తున్న.

నీ చెల్లె