చార తెగిన జెల్ల

అమ్మా అలేఖ్యా,

రేపటి మీ అత్తయ్య ఆబ్దికం గురించి పురోహితులతో మాట్లాడేందుకు పర్చూరు వెళుతున్నాను. నువ్వు కాలేజీ నుంచి రాగానే అక్వేరియంలోని రెండు జెల్ల చేపల్లో ఒకదానిని గాజు గిన్నెలోకి తీయవలసి ఉన్నది. దాని పొట్ట కింద దూది వంటి తెలుపు పట్టింది. ఇసుక మీద వాలితే అది కనిపించదు కనుక నల్ల చారను చూడాలి. కంటి నుంచి తోక దాకా చార తెగకుండా సాగినది మా అబ్బాయి జయదేవ్ తరువాత తెచ్చినది. దాని జోలికి వెళ్లవద్దు. కంటి మీద పట్టీ, కొంత ఖాళీ, ఆపైన వీపు మీద చార ఉన్నదే జబ్బుది. మందు సగం మోతాదే వేయి.

నిరుడు మీ అత్తయ్య ఆసుపత్రి నుంచి ఫోనులో ఇదే చెప్పింది. "రెండూ ఒకటి కాదండీ. అన్ని ఇంగ్లీషు పుస్తకాలు చదివారు, ఈ ఒక్క గీత చదవలేరా?" అన్నది. నేను చారను చూడకుండా చేతికందిన దానిని తీశాను. ఆరోగ్యంగా ఉన్నది గిన్నెలో చనిపోయింది. జబ్బుది తొట్టిలో తనంతట తానే కోలుకున్నది. ఆమెకు మాత్రం, మందుతో నయమైందని చెప్పాను.

"చార తెగిందేనా తీసింది?" అని అడిగింది. అవునన్నాను.

"సరేలెండి" అన్నది. మరునాడు పోయింది.

తొట్టి ముందు నిలబడినప్పుడల్లా ఆ మాట వినిపిస్తుంది. ఈ ఉదయం కూడా వినిపించి, వల పక్కన పెట్టేశాను.

మామయ్య

వల కిటికీలో ఉన్నది. అది బ్రతకకపోతే, బ్రతకలేదనే నాతో చెప్పు.