ఇద్దరి ఫోన్లలో అమ్మ

విజయవాడ

దీవెన వదినకు,

ఫోన్ చేసి చెప్పే మొహం లేక రాస్తున్నాను. షుగర్ పడిపోయి అమ్మ స్పృహ తప్పిన రోజు, ఆసుపత్రి వరండాలో అన్నయ్య ముందే, "అక్షరమ్ముక్క రాదా మీకు? ఫోన్ చూసుకోకుండా రెండోసారి ఇన్సులిన్ ఇచ్చేస్తారా?" అని మీ మీద అరిచాను. మీరు తల వంచుకున్నారు. అమ్మ కోలుకోగానే, అన్నయ్య బ్యాంకుకి దగ్గరని చెప్పి ఆవిడతో సహా ముగ్గురూ పామర్రు మారిపోయారు. అసలు కారణం నా నోరేనని నాకు తెలుసు.

వదినా, మీరు ఫోన్ చూశారు. అందులో "ఇన్సులిన్ ఇవ్వలేదు" అనే ఉంది. తప్పు నేను రాసిన యాప్‌ది.

అమ్మ మందుల సంగతి మనిద్దరం చెరో ఫోన్లో చూసుకోవచ్చని ముచ్చటపడి రాశాను కదా. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో రాశాననీ, ఇందులో ఒకసారి పెట్టిన విలువ మారదనీ, పొరపాటుకి చోటే లేదనీ ఇడ్లీలు తింటూ మీకు గొప్పలు కూడా చెప్పాను. కానీ అమ్మ మందుల పట్టిక ఇద్దరికీ ఉమ్మడి, అది మారి తీరాలి. ఎవరు బటన్ నొక్కినా ప్రోగ్రాం పాత పట్టిక తీసుకుని, ఒక గడి మార్చి, కొత్త పట్టికని దాని స్థానంలో పెడుతుంది. ఆ ఉదయం నేను ఇన్సులిన్ ఇచ్చానని నొక్కిన క్షణంలోనే, మీరు వంటింట్లోంచి బీపీ మాత్ర వేశానని నొక్కారు. ఇద్దరికీ ఒకే పాత పట్టిక అందింది. ఇన్సులిన్ గడి ఇంకా ఖాళీగానే ఉన్న మీ పట్టిక వెనక వచ్చి నాదాన్ని తుడిచేసింది. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపాలని నాకు తెలుసు. ఇంట్లో వాడుకునేదేగా అని బద్ధకించాను.

నిన్న ఆ రోజు వివరాలు తిరగేస్తే ఇది బయటపడింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా. యాప్ తీసేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి అందరి ముందూ మీకు క్షమాపణ చెప్పుకుంటాను. గుమ్మంలోకి రానివ్వండి.

మీ మరిది,
ఫిలిప్

పామర్రు

ఫిలిప్‌కి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నా తప్పు లేదని తేలినందుకు మాత్రం కాదు.

ఆ రోజు నేను సూది తీసుకుని వెళ్ళగానే అత్తయ్య, "ఇందాకే చిన్నోడు పొడిచాడుగామ్మా" అన్నారు. నేను ఫోన్ చూపించి, "లేదండీ అత్తయ్యా, ఇందులో ఇవ్వలేదనే ఉంది. మీరు మర్చిపోతున్నారు" అన్నాను. ఆవిడ మళ్ళీ ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, "అంతేనేమోలే" అంటూ పొట్ట మీద చీర పక్కకి జరిపారు. ఎదురుగా మనిషి చెబుతుంటే నేను ఫోన్ని నమ్మాను. ఈ మాట మీ అన్నయ్యకి కూడా చెప్పుకోలేదు. నువ్వు అరుస్తుంటే ఇంకా అరిస్తే బాగుండుననిపించింది.

అంతటితో పోలేదు ఫిలిప్. అప్పట్నుంచీ అత్తయ్యకి తన మీద తనకే నమ్మకం పోయింది. నిన్న మధ్యాహ్నం నేను ఆవిడ తిన్న కంచం కడుగుతుంటే పిలిచి, "ఒకసారి ఫోన్లో చూడమ్మా, నేను అన్నం తిన్నానా?" అని అడిగారు.

ఆదివారం తప్పకుండా రా. చేపల పులుసు చేస్తాను. నాకు క్షమాపణలేమీ వద్దు. ముందు ఆవిడ పక్కన కూర్చుని, ఆ రోజు తను చెప్పిందే నిజమని నీ నోటితో చెప్పు. నేను ఎన్నిసార్లు చెప్పినా, "ఫోన్లో అలా లేదుగామ్మా" అంటున్నారు.

నీ వదిన,
దీవెన